గామా నైఫ్: పని బాగానే చేశారు, చెప్పాల్సింది చెప్పలేదు

మా తమ్ముడికి తొడలో గడ్డ. నొప్పి లేదు కదా అని ఏడాది వదిలేశాడు. బయాప్సీలో ఆల్వియోలార్ సాఫ్ట్ పార్ట్ సార్కోమా అని వచ్చింది (సార్కోమా అంటే కండ, కొవ్వు, ఎముక లాంటి వాటిలో పుట్టే క్యాన్సర్), ఆ పేరు పలకడానికే ఇంట్లో వారం పట్టింది. సార్కోమాల్లోనే బాగా అరుదైనది. మిగతావి మెదడు జోలికి పెద్దగా పోవు, ఇది పోతుంది. అయినా మొదట వెళ్ళిన ఆస్పత్రిలో ఛాతీ స్కాన్ ఒక్కటే రాశారు, తలనొప్పి, వాంతులు మొదలయ్యాక గానీ మెదడులో రెండు మచ్చలున్నాయని తెలియలేదు. ఆ కోపం నాకింకా పోలేదు.

ఇక ఆ మచ్చలకి చేసిన గామా నైఫ్ అనే రేడియేషన్ చికిత్స సంగతి. పేరులో కత్తి ఉంది గానీ కోత లేదు. కోబాల్ట్-60 అనే రేడియోధార్మిక పదార్థం నుంచి దాదాపు 200 సన్నటి కిరణాలు వచ్చి ఒకే చోట కలుస్తాయి, విడివిడిగా ఏ కిరణానికీ పెద్ద బలం ఉండదు, కలిసిన చోటే దెబ్బ. అందుకే చిన్న మచ్చలకి, సుమారు 3 సెంటీమీటర్ల లోపు వాటికి, బాగా నప్పుతుంది. తలకి ఫ్రేమ్ బిగించేటప్పుడు మత్తు సూదులు మాత్రం మండాయన్నాడు. తర్వాత ఎమ్మారై, ఆపైన డాక్టర్లు ప్లాన్ వేసేదాకా ఎదురుచూపు, అసలు టెన్షన్ అంతా అప్పుడే. మెషిన్‌లో పాటలు వింటూ నిద్రపోయాడట! సాయంత్రానికి ఇంట్లో ఉన్నాం. స్టాఫ్ అందరూ ఓపికగా చూసుకున్నారు, అందులో వంక పెట్టను.

వంకంతా ఆ తర్వాతే. వాపు తగ్గడానికి ఇచ్చిన డెక్సామెథాసోన్‌తో నిద్ర పట్టదని, ఆకలి పెరుగుతుందని, షుగర్ ఎక్కొచ్చని ఒక్కరూ చెప్పలేదు. అర్ధరాత్రి రెండింటికి వాడు ఫ్రిజ్ ముందు నిలబడుంటే మేం మెదడుకి ఇంకేదో అయిందని హడలిపోయాం. కొన్ని నెలలకి తీసిన స్కాన్ రిపోర్ట్‌లో ఒక మచ్చ పెరిగిందని ఉంది. అమ్మ ఏడుపు ఆపలేకపోయాం. ఇంకో రకం ఎమ్మారై తీశాక అది రేడియేషన్ ప్రభావమే, కణితి కాదన్నారు. ఇలా కనిపించొచ్చని ముందే ఒక ముక్క చెప్పుంటే ఏం పోయేది?

ఇంకోటి, గామా నైఫ్ మెదడులో కనిపించిన మచ్చలకే. ఒంట్లో మిగతా చోట్ల ఉన్నదానికి మందులు వేరే. ఈ జబ్బుకి 2022 డిసెంబర్‌లో అమెరికాలో అటెజోలిజుమాబ్ అనే ఇమ్యునోథెరపీ మందుకి (క్యాన్సర్‌పై మన రోగనిరోధక శక్తినే ఉసిగొల్పేది) అనుమతి వచ్చింది, ఆ సంగతి మేమే వెతుక్కుని అడగాల్సి వచ్చింది. చికిత్సకి అయిదు స్టార్లు, సమాచారానికి రెండు.

వచ్చే స్కాన్ మూడు నెలలకి. ఈసారి డాక్టర్ చూసేదాకా ఆ కవర్ విప్పం.