తిరుక్కడయూర్ వెళ్తే తరంగంబాడిలో ఒక రాత్రి ఉండండి

షష్టిపూర్తి చేయించుకోవడానికి తమిళనాడులోని తిరుక్కడయూర్ వెళ్ళే తెలుగువాళ్ళు చాలామందే. అక్కడికి పది కిలోమీటర్ల లోపే 1845 దాకా డెన్మార్క్ వాళ్ళు ఏలిన తరంగంబాడి ఉంది. మా అత్తామామల పూజలు అయ్యాక అక్కడ ఒక రాత్రి ఉన్నాం.

అందరూ నేరుగా డాన్స్‌బోర్గ్ కోటకి పోతారు. తెలుగులో కావ్యాలు రాసిన తంజావూరు రఘునాథ నాయకుడు చోటిస్తే 1620లో డెన్మార్క్ వాళ్ళు కట్టుకున్న కోట ఇది. సముద్రం ఒడ్డున చూడ్డానికి బాగుంటుంది కానీ చిన్నది, మ్యూజియంతో కలిపి గంట చాలు. చాలా కార్లు ఇక్కడినుంచే వెనక్కి తిరిగేస్తాయి. అదే నాకు నచ్చలేదు, ఎందుకంటే చూడాల్సిన ఊరంతా కోట బయటే ఉంది.

1792 నాటి ఊరి ద్వారం దగ్గర దిగి సముద్రం వైపు కింగ్ స్ట్రీట్‌లో నడవండి. 1701 నాటి జయాన్ చర్చి, 1718 నాటి న్యూ జెరూసలేం చర్చి ఈ వీధిలోనే ఉన్నాయి. రెండోదాన్ని కట్టించిన జర్మన్ మిషనరీ జీగెన్‌బాల్గ్ సమాధి అందులోనే ఉంది. తమిళంలో కొత్త నిబంధనను ఆయన అచ్చు వేయించింది కూడా ఈ ఊళ్ళోనే. తెల్ల సున్నం, లావు స్తంభాల బంగళాలు ఫొటోలకి బాగుంటాయి సరే, నాకు మాత్రం గోల్డ్‌స్మిత్ స్ట్రీట్ ఎక్కువ నచ్చింది. అక్కడ దొరల దర్జా లేదు. వీధి అరుగులు, చెక్క స్తంభాలు, పెంకుల కప్పులున్న మామూలు తమిళ ఇళ్ళు. 2004 సునామీ తర్వాత పాత కట్టడాలను కాపాడే ఇంటాక్ సంస్థ వీటిలో కొన్నింటిని బాగుచేసింది. కొన్ని పాత ఇళ్ళు మాత్రం ఇంకా మొక్కలు మొలిచి, పగుళ్ళిచ్చి ఉన్నాయి.

డెన్మార్క్ వాళ్ళు ఈ ఊరిని బెంగాల్‌లోని శ్రీరాంపూర్‌తో కలిపి పన్నెండున్నర లక్షల రూపాయలకి ఇంగ్లీషువాళ్ళకి అమ్మేశారు. ఆ తర్వాత వ్యాపారం నాగపట్నం వైపు పోయింది. పాతవి కూలగొట్టి కొత్తవి కట్టేంత డబ్బు ఊళ్ళోకి రాలేదు కాబట్టే ఇవి మిగిలాయేమో అనిపించింది.

ఒడ్డున మాసిలామణి నాథర్ గుడి కూడా చూడండి. 1306 నాటిది, ముందుభాగం సముద్రం తినేసింది.

బస విషయానికొస్తే, నీమ్రానా హోటళ్ళ వాళ్ళ బంగ్లో ఆన్ ది బీచ్ పాత భవనమే. వరండాలోంచి నేరుగా సముద్రం కనిపిస్తుంది. మధ్యతరగతి జేబుకి బరువే అయినా ఒక్క రాత్రికి దండగ అనిపించలేదు. ఖర్చు వద్దనుకుంటే తిరుక్కడయూర్ లాడ్జిల్లో ఉండి పొద్దున్నే రావచ్చు. మేం ముందురోజు దిగిన లాడ్జిలో మాత్రం గీజర్ పనిచేయలేదు, అడిగితే బకెట్‌తో వేడినీళ్ళు తెచ్చిచ్చారు. అరవై ఏళ్ళవాళ్ళకే పూజలు చేసే ఊళ్ళో అలా ఉంటే ఎలా? గది తీసుకునే ముందే కుళాయి తిప్పి చూసుకోండి.

తరంగంబాడిలో భోజనానికి పెద్దగా హోటళ్ళు లేవు. తిరుక్కడయూర్‌లోనో కారైకాల్‌లోనో తినేసి వెళ్ళండి. రైలుకి మైలాడుదురైలో దిగాలి, అక్కడినుంచి ముప్పై కిలోమీటర్లు. క్యాబ్ మాట్లాడుకునేటప్పుడు వెయిటింగ్ చార్జీ ముందే తేల్చుకుంటే వీధుల్లో తిరిగేటప్పుడు టెన్షన్ ఉండదు.