ఢిల్లీలో ఖరీదైన భోజనం: ఎక్కడ డబ్బు దక్కింది, ఎక్కడ దక్కలేదు

పెద్ద హోటల్లో మన దేశపు వంటే తినడానికి అన్ని వేలు దేనికని చాలామంది అడుగుతారు. పప్పూ రొట్టే కదా, ఏ ధాబాలోనైనా దొరుకుతాయి అంటారు. ఈసారి ఢిల్లీలో అలాంటి చోట్ల కూర్చుని తిన్నాక నాకు ఒక సంగతి స్పష్టమైంది. మన ఇంట్లో కుదరని ఓపిక, మన ఇంట్లో లేని మంట ఆ వంటలో ఉండాలి. వడ్డించేవాళ్లు బల్ల దగ్గరున్న పెద్దవాళ్లని కనిపెట్టుకుని ఉండాలి. ఆ రెండూ ఉన్నచోట డబ్బు వృథా కాదు. లేనిచోట షాండ్లియర్లు ఎన్ని వెలిగినా దండగే.

మేం వెళ్లింది నేనూ, మా ఆయనా, అత్తయ్యా. అత్తయ్య పూర్తి శాకాహారి. మోకాళ్ల నొప్పులున్నాయి, కారం తక్కువ తింటారు. ఆమెకి కుదిరిన చోటు ఎవరికైనా కుదురుతుంది కాబట్టి ఆ కొలతతోనే అన్నీ చూశాను. బస మాత్రం కరోల్ బాగ్‌లో ఒక మామూలు హోటల్లో పెట్టుకున్నాం. గది శుభ్రంగా ఉంది, లిఫ్టు ఉంది, మెట్రో దగ్గర. ఇంతకన్నా ఆ బస గురించి చెప్పేదేం లేదు. ఫైవ్ స్టార్‌లో తినాలంటే అక్కడే దిగాలన్న నియమం ఎక్కడా లేదు. బస మీద మిగిల్చిన డబ్బు భోజనం మీద పెట్టాం. ఈ లెక్క మాకు బాగా కుదిరింది.

మొదట బుఖారా. ఇది చాణక్యపురి దగ్గర సర్దార్ పటేల్ మార్గ్‌లో ఐటీసీ మౌర్య హోటల్ లోపల ఉంటుంది. కరోల్ బాగ్ నుంచి క్యాబ్‌లో రిడ్జ్ అడవి పక్కగా వెళ్లాం. 1970ల చివర్లో మొదలైన రెస్టారెంట్ ఇది. వాయవ్య సరిహద్దు ప్రాంతపు కాల్పుడు వంట దీని ప్రత్యేకత. ఇన్నేళ్లలో మెనూ దాదాపు మారలేదు. అమెరికా అధ్యక్షుడిగా బిల్ క్లింటన్ 2000లో వచ్చినప్పుడు ఇక్కడ తిన్నారు, ఆయన పేరుతో ఒక ప్లాటర్ కూడా ఉంది. లోపల రాతి గోడలు, వేలాడే రాగి పాత్రలు, మొరటు చెక్క బల్లలు. కూర్చునే పీటలు పొట్టివి. అందుకని ఫోన్‌లో రిజర్వ్ చేసుకునేటప్పుడే పెద్దావిడ ఉన్నారని చెప్పాం, లేవడానికి వీలుగా ఉన్న చోటే ఇచ్చారు. మీ ఇంట్లో పెద్దవాళ్లు ఉంటే ఈ మాట ముందే చెప్పండి, అక్కడికెళ్లాక టెన్షన్ ఉండదు.

బల్ల మీద స్పూన్లు, ఫోర్కులు ఉండవు. అడిగితే ఇస్తారు గానీ ఇక్కడ పద్ధతి చేత్తో తినడం. మెడకి గళ్ల ఏప్రాన్ కడతారు. అత్తయ్య పెద్ద హోటల్ అనగానే ఫోర్కు పట్టుకోవడం ఎలాగని దారంతా బెంగ పెట్టుకున్నారు. చుట్టూ సూట్లు వేసుకున్న విదేశీయులు కూడా వేళ్లతో నాన్ తుంచుకోవడం చూసి భుజాలు సడలించి కూర్చున్నారు. ఆ తర్వాత ఆవిడ తిన్నంత తృప్తిగా మేం కూడా తినలేదు.

ఇక పప్పు. దీనికోసమే సగం మంది వస్తారు. దాల్ బుఖారా అంటే పొట్టు మినుములు, టమాటా, అల్లం వెల్లుల్లి, వెన్న, మీగడ. అంతే. మన పప్పుకి ప్రాణమైన పోపు దీనికి లేదు. ఆవాలు చిటపటలాడవు, కరివేపాకు వాసన రాదు. రుచంతా నిదానమైన మంట నుంచి రావాలి. రాత్రంతా తందూర్ నిప్పు మీద, దాదాపు 18 గంటలు ఉడుకుతుందట. గిన్నెలో చూస్తే మినుము గింజ గింజగానే కనపడుతుంది. వేళ్ల మధ్య పెట్టి నొక్కితే మాత్రం పొట్టుతో సహా వెన్నలా నలిగిపోయింది. చిక్కదనం పిండి కలిపితే వచ్చేది కాదు, గింజ లోపలి జిగురు బయటికి వచ్చి పట్టుకున్న చిక్కదనం. మొదటి ముద్దకి కాస్త చప్పగా అనిపించింది. నాలుగో ముద్దకి పొగ వాసన నాలుక వెనక తెలిసింది. అత్తయ్య కాసేపు మాట్లాడలేదు. తర్వాత "ఇవి మన మినుములేనా అమ్మాయ్? ఇన్నేళ్లు వీటిని రుబ్బడమే తెలుసు నాకు" అన్నారు.

వంటగదికీ హాలుకీ మధ్య అద్దమే అడ్డం, లోపల పని మొత్తం కనిపిస్తుంది. మా బల్లకి ఎదురుగా ఒకాయన రొట్టెలు చేస్తున్నారు. పిండి ముద్దని అరచేతుల మధ్య అటూ ఇటూ చరుస్తూ పెంచి, గుండ్రటి మెత్త మీద పరిచి, భుజం దాకా తందూర్‌లోకి వంగి గోడకి కొట్టి, చెయ్యి కాలేలోపు వెనక్కి తీస్తున్నారు. కాలిన రొట్టెని చివర వంచిన ఇనప చువ్వతో లాగుతారు. సాయంత్రమంతా ఆయన నుదుటి మీద చెమట ఆరలేదు. మన బిల్లులో ఆ మనిషి వేడి కూడా ఉందని అప్పుడు అనిపించింది. నాన్ బుఖారా ఒక్కటి తెస్తే బల్ల సగం నిండింది, ముగ్గురికీ సరిపోయి మిగిలింది.

ఇక్కడ వడ్డించినవాళ్ల గురించి చెప్పాలి. మేం సికందరీ రాన్ అడిగాం. పొట్టేలి పిల్ల కాలిని మాల్ట్ వెనిగర్, దాల్చిన చెక్క, షాజీరా పట్టించి కాల్చేది. "తినేది ఇద్దరే కదా, అది మీకు ఎక్కువైపోతుంది, ముర్గ్ మలాయ్ కబాబ్ చాలు" అని ఆ అబ్బాయే వద్దన్నాడు. బిల్లు తగ్గే సలహా తానుగా ఇచ్చిన సర్వర్‌ని నేను పెద్ద హోటళ్లలో అరుదుగా చూశాను. అత్తయ్య అడగకముందే పప్పులో అల్లం వెల్లుల్లి ఉంటాయని చెప్పి, ఫర్వాలేదా అని హిందీలో నెమ్మదిగా అడిగాడు. ఆవిడకి తందూరీ ఆలూ తెప్పించాం. బంగాళాదుంపని లోపల తొలిచి, ఆ గుజ్జులోనే జీడిపప్పు, కిస్మిస్ కలిపి మళ్లీ నింపి కాలుస్తారు. బాగుంది గానీ పప్పు పక్కన చిన్నబోయింది. పనీర్ మామూలుగానే ఉంది, ఇంకోసారి వెళ్తే చెప్పను. ఏ తందూర్ రెస్టారెంట్‌కి వెళ్లినా నిష్ఠగా ఉండే శాకాహారులు శాకాహారానికి వేరే తందూర్ ఉందో లేదో ఫోన్‌లోనే అడగడం మంచిది. ఆకలితో కూర్చున్నాక ఆ ప్రశ్న అందరినీ ఇబ్బంది పెడుతుంది.

ముగ్గురికీ పన్నులతో కలిపి పదివేలు బాగానే దాటింది. బయటికొస్తూ మా ఆయనా నేనూ బిల్లు గురించి మాట్లాడుకోలేదు, పప్పు గురించే మాట్లాడుకున్నాం.

అదే హోటల్లో దమ్ పుఖ్త్ అనే ఇంకో రెస్టారెంట్ ఉంది. అత్తయ్య బంధువుల ఇంట్లో ఉన్న రాత్రి మేమిద్దరం వెళ్లాం. బుఖారాలో నిప్పు కళ్లముందే ఉంటుంది, ఇక్కడ మూత కింద దాగి ఉంటుంది. లక్నో నవాబుల వంట ఇది. గిన్నె మూత చుట్టూ పిండితో మూసేసి, లోపలి ఆవిరితోనే మగ్గనిస్తారు. ఈ వంటని పెద్ద హోటళ్లకి తెచ్చి నిలబెట్టిన ఇంతియాజ్ ఖురేషీకి 2016లో పద్మశ్రీ వచ్చింది, 2024లో ఆయన చనిపోయారు. మాంసాన్ని మెత్తగా నూరి చేసే కాకోరీ కబాబ్ నోట్లో పెట్టుకుంటే నమలాల్సిన పని లేదు. కారానికి అలవాటుపడ్డ మన నాలుకకి ఆ మెత్తదనం, ఆ సువాసన మొదట అందవు. బిర్యానీ విషయంలో ఒక మాట. హైదరాబాద్ కచ్చి బిర్యానీలో పచ్చి మాంసం, సగం ఉడికిన బియ్యం కలిసి మగ్గుతాయి. లక్నో పద్ధతిలో మాంసం ముందే ఉడికించి తర్వాత దమ్ పెడతారు. మసాలా మన దానిలా ముందుకొచ్చి పలకరించదు. మా ఆయన మిరపకాయ కోసం వెతుక్కున్నారు, నాకు చాలా నచ్చింది. హాలు నిశ్శబ్దంగా, హుందాగా ఉంటుంది. చిన్నపిల్లలున్న కుటుంబానికి బుఖారా నయం. ఇద్దరు తాపీగా కూర్చోవడానికి ఇది.

డబ్బు దక్కని చోటు దక్షిణ ఢిల్లీలో ఒక కొత్త తరహా రెస్టారెంట్. పేరు చెప్పను. వరసగా చిన్న చిన్న ప్లేట్లు తెచ్చే టేస్టింగ్ మెనూ వాళ్లది. అలాంటి వంట మీద నాకు కోపమేం లేదు, బాగా చేసేవాళ్లున్నారు. కానీ ఇక్కడ ప్రతి ప్లేటుకీ ఒక ఉపన్యాసం, అది అయ్యేసరికి పదార్థం చల్లారిపోవడం. ఒక పానీపూరీని పొగ నింపిన గాజు బుడ్డి కింద తెచ్చారు. మూత తీయగానే పొగ పోయింది, కింద మెత్తబడ్డ పూరీ మిగిలింది. అత్తయ్య అన్నంతో ఏదైనా ఉంటుందా అని అడిగితే మెనూలో లేదన్నారు, అంతే. వంటగదిలోకి వెళ్లి అడిగి వస్తానని కూడా ఎవరూ అనలేదు. అడగకుండానే ఖరీదైన సీసా నీళ్లు తెరిచి పోశారు. మర్నాడు మధ్యాహ్నం అశోకా రోడ్డులోని ఆంధ్రా భవన్ క్యాంటీన్‌లో అత్తయ్య అన్నం, పప్పు, పొడి, నెయ్యి కలుపుకుని ఆ లోటు తీర్చుకున్నారు.

ఆ కొత్త తరహా చోటే బిల్లు దగ్గర పేచీ కూడా వచ్చింది. పది శాతం సర్వీస్ చార్జి వేసి ఉంది. అది పన్ను కాదు, ప్రభుత్వానికి వెళ్లదు. బిల్లులో దాన్ని తప్పనిసరిగా కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది. 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. మా ఆయన ఇది మర్యాదగా చెబితే మేనేజర్ కాసేపు వాదించి, చివరికి తీసేసిన బిల్లు తెచ్చారు. వినకపోతే 1915 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయొచ్చు. బాగా చూసుకున్న సర్వర్‌కి టిప్పు ఇవ్వడం మన ఇష్టం, మేం బుఖారాలో సంతోషంగా ఇచ్చాం. నీళ్ల విషయంలో మాత్రం ముందే జాగ్రత్తపడాలి. హోటళ్లు, రెస్టారెంట్లు సీసా నీళ్లని ఎమ్మార్పీ కన్నా ఎక్కువకి అమ్మవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది. కాబట్టి మూత తీయకముందే "మామూలు ఫిల్టర్ నీళ్లు చాలు" అనాలి. జీఎస్టీ కూడా అన్నిచోట్లా ఒకటి కాదు. గది అద్దె రోజుకి 7,500 రూపాయలు దాటే హోటల్ లోపలి రెస్టారెంట్‌లో 18 శాతం పడుతుంది, బయట విడిగా ఉండే రెస్టారెంట్‌లో 5 శాతం. మెనూలో ధర చూసి లెక్క వేసుకునేవాళ్లు ఈ తేడా మనసులో పెట్టుకోవాలి.

ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఆశ పడొద్దు. ముగ్గురికి ఒక పప్పు, ఒక పెద్ద నాన్, ఒకటో రెండో కాల్చినవి చాలు. ఇంకా కావాలంటే తర్వాత చెప్పుకోవచ్చు. రాత్రి ఏడింటికల్లా వెళ్తే వడ్డించేవాళ్లకి మనతో మాట్లాడే తీరిక ఉంటుంది. ఎనిమిదిన్నర దాటాక హాలు నిండి, ఆ తీరిక వాళ్లకీ ఉండదు.

ఢిల్లీ దాకా వెళ్లలేనివాళ్లకి హైదరాబాద్‌లోనే దారి ఉంది. బేగంపేటలోని ఐటీసీ కాకతీయలో పెషావరి అనే రెస్టారెంట్ బుఖారా కుటుంబానిదే, దాల్ బుఖారా అక్కడా వడ్డిస్తారు. హైటెక్ సిటీ వైపు ఐటీసీ కోహినూర్‌లో దమ్ పుఖ్త్ బేగమ్స్ ఉంది. మొదటిసారి వెళ్లేవాళ్లు, అందులోనూ పెద్దవాళ్లని వెంట తీసుకెళ్లేవాళ్లు, పెషావరితో మొదలుపెట్టండి. పప్పు ముందు తెప్పించండి, మిగతావి దాని తర్వాత చెప్పండి.