ఒకే శనివారం, రెండు ఆటలు: బాస్క్ నేలపై ఐదు రోజులు

సైకిల్ పందేలు, ఫుట్‌బాల్ రెండింటినీ చిన్ననాటి నుంచి వదలకుండా చూస్తున్న నాకు ఏప్రిల్ నెల ఎప్పుడూ ఇబ్బందే. 2024లో ఆ ఇబ్బంది మరీ ఎక్కువైంది. స్పెయిన్ ఉత్తరాన ఉన్న బాస్క్ ప్రాంతాన్ని చుట్టివచ్చే ఆరు రోజుల సైకిల్ పందెం ‘ఇట్సులియా’ చూడాలని జనవరిలోనే సెలవు పెట్టి, టికెట్లు కొనుక్కున్నాను. ఫిబ్రవరి చివర్లో అదే ప్రాంతంలోని బిల్బావో నగరపు ఫుట్‌బాల్ జట్టు అథ్లెటిక్ క్లబ్ సెమీఫైనల్లో అట్లెటికో మాడ్రిడ్‌ను ఓడించి స్పెయిన్ రాజు పేరిట జరిగే కప్పు ఫైనల్‌కు చేరింది. ఆ ఫైనల్ ఏప్రిల్ 6, శనివారం రాత్రి పది గంటలకు సెవిల్‌లో పడింది. రోజుకొక దశగా సాగే ఇట్సులియా చివరి దశ కూడా అదే రోజు పగలు, ఎయిబార్‌లో. ఫైనల్ టికెట్ దొరికే ఆశ ఎలాగూ లేదు కనుక, మ్యాచ్‌ను ఆ జట్టు సొంత ఊళ్ళో టీవీలో చూసినా చాలుననుకున్నాను.

మొదటి చిక్కు బస దగ్గరే వచ్చింది. పందెం కోసమైతే ఎయిబార్‌లో ఉండాలి. కానీ ఇరుకైన లోయలో, కొండవాలు మీద ఎత్తైన అపార్ట్‌మెంట్లు కిక్కిరిసిన ఆ చిన్న పారిశ్రామిక పట్టణంలో హోటళ్ళే తక్కువ, ఉన్నవీ నేను వెతికేసరికి నిండిపోయాయి. చివరకు బిల్బావో పాతపేట కాస్కో వియేహోలో ఒక చిన్న లాడ్జిలో దిగాను. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, గోడలు పలుచన. గది మాత్రం శుభ్రంగా ఉంది, రైలు స్టేషన్ ఐదు నిమిషాల నడక. నిద్రకు విలువిచ్చే వారికి నేను ఆ పేటను సూచించను. నాలా రెండు పడవల మీద కాళ్ళు పెట్టేవారికి మాత్రం బిల్బావోయే సరైన మకాం. అక్కడి నుంచి యూస్కోట్రెన్ రైలు శుక్రవారం దశ ముగిసే అమొరెబియెతాకూ, శనివారం దశ ఉన్న ఎయిబార్‌కూ రెంటికీ వెళుతుంది. బస్సు ఇంకా త్వరగా చేరుస్తుంది గానీ, పందెం రోజున రోడ్లు మూసేస్తారని మరిచిపోకూడదు. శాకాహారులకు ఒక మాట: బార్లలో రొట్టెముక్క మీద పెట్టి ఇచ్చే పించోలలో ఎక్కువ భాగం చేప, పంది మాంసమే. కోడిగుడ్డు తినేవారైతే బంగాళదుంప ఆమ్లెట్ ‘తోర్తియా’తో ఎన్ని పూటలైనా గడపవచ్చు.

గురువారం చేసిన ఎంపిక ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ రోజు దశ చూడటానికి వెళ్ళకుండా బిల్బావోలో అథ్లెటిక్ వారి శాన్ మమేస్ స్టేడియం, దాని మ్యూజియం చూశాను. 1913 నాటి పాత మైదానం పక్కనే 2013లో తెరిచిన ఈ కొత్త కట్టడంలో యాభై మూడు వేల మంది కూర్చోవచ్చు. బాస్క్ నేలపై పుట్టినవారు లేదా అక్కడ ఆట నేర్చినవారు తప్ప వేరెవరూ ఆడకూడదన్న నియమంతోనే ఈ క్లబ్ ఒక్కసారి కూడా మొదటి డివిజన్ నుంచి కింద పడలేదు. తొలిసారి ఇక్కడ ఆడటానికి వచ్చే జట్టు ఈ క్లబ్ పాతకాలపు గోల్ వీరుడు పిచిచి విగ్రహం ముందు పూలు పెట్టాలన్న ఆచారం ఇంకా సాగుతోంది. ఆ విగ్రహం దగ్గరే నిలబడి ఫోన్ చూస్తే, ఇట్సులియాలో దిగుడు రోడ్డు మలుపు దగ్గర పేరుమోసిన రైడర్లు వింగెగార్డ్, ఎవెనెపూల్, రోగ్లిచ్ ముగ్గురూ ఒకే ప్రమాదంలో పడి పందెం వదిలేశారన్న వార్త కనబడింది. ఆ తరువాత మ్యూజియంలో ఏమి చూశానో సరిగా గుర్తు లేదు.

శుక్రవారం అమొరెబియెతాలో ముగింపు గీత దగ్గర నిలబడి రొమాన్ గ్రెగ్వార్ గెలుపు చూశాను. రాకపోకలు సుఖంగా సాగాయి, అంతకన్నా చెప్పవలసింది లేదు.

శనివారం ఉదయమే ఎయిబార్ చేరాను. ఈ ఊరి పేరు సైకిల్ అభిమానులకు కొత్త కాదు. ఓర్బెయా, బీహెచ్ కంపెనీలు ఇక్కడే తుపాకుల తయారీతో మొదలై తరువాత సైకిళ్ళకు మళ్ళాయి. ఎనిమిది వేల సీట్ల ఇపురువా మైదానమున్న ఊరి జట్టు 2014 నుంచి 2021 దాకా బార్సిలోనా, మాడ్రిడ్ జట్లతో ఒకే లీగ్‌లో ఆడింది. పేటల మధ్య ఎక్కడానికి వీధిలోనే ఎస్కలేటర్లు, లిఫ్టులు పెట్టారు. నా మోకాళ్ళ తరఫున ఆ మునిసిపాలిటీకి కృతజ్ఞతలు. ఒక నిటారు ఎక్కుడు దగ్గర మూడు గంటలు నిలబడితే రైడర్ల ముందు గుంపు దాటిపోవడానికి పట్టింది నిమిషం లోపే. అయితే ఆ మూడు గంటలూ వృథా అనిపించలేదు. చుట్టూ ఉన్నవారిలో సగం మంది నెత్తిన బాస్క్ సైకిల్ జట్టు నారింజ టోపీ, ఒంటిమీద అథ్లెటిక్ ఎరుపు-తెలుపు చారల చొక్కా. నేను ఏళ్ళ తరబడి పడుతున్న ఊగిసలాట వారికి అసలు సమస్యే కాదు. కార్లోస్ రొడ్రీగెస్ దశ గెలిచాడు, హువాన్ అయూసో మొత్తం పందెం గెలుచుకున్నాడు. బహుమతి ప్రదానం చూడకుండానే నేను స్టేషన్‌కు పరుగెత్తాను.

బిల్బావో బార్‌లో నాకు దక్కింది తలుపు పక్కన నిలబడే చోటు. ఎదుటి జట్టు మయోర్కా ముందు గోల్ కొట్టింది, రెండో సగం మొదట్లో నీకో విలియమ్స్ అందించిన బంతితో అథ్లెటిక్ ఆటగాడు సాన్సెత్ సమం చేశాడు. చివరకు పెనాల్టీలలో 4–2తో అథ్లెటిక్ గెలిచింది. 1984 తరువాత వారు ఈ కప్పు గెలవడం ఇదే మొదటిసారి. పక్కనున్న పెద్దాయన ఏడుస్తూ నా భుజం పట్టుకున్నాడు, ఆయన భాష నాకు రాదు, నా భాష ఆయనకు రాదు. తెల్లవారేదాకా కిటికీ కింద పాటలు ఆగలేదు.

ఆదివారం ఫ్రాన్స్‌లో జరిగే ఒకరోజు సైకిల్ పందెం పారిస్–రూబే, టీవీలో. నిద్రలేని కళ్ళతో లాడ్జి హాల్లో ఒక్కడినే కూర్చున్నాను. దాదాపు అరవై కిలోమీటర్లు మిగిలి ఉండగా వాన్ డర్ పూల్ ఒంటరిగా దూసుకుపోయాడు. కాసేపటికి లాడ్జి యజమానురాలు వచ్చి, చాలా మర్యాదగా అనుమతి అడిగి, రాత్రి పెనాల్టీలు మళ్ళీ వేస్తున్న చానల్‌కు మార్చింది. నేను కాదనలేదు; మిగిలిన కిలోమీటర్లు ఫోన్‌లో చూసుకున్నాను.