కెఫ్ ఎల్‌ఎస్50 మెటా స్పీకర్లు: కచేరీ నుంచి సింఫనీ దాకా

ఏ సంగీతం పెట్టినా చక్కగా పలికే హైఫై స్పీకర్లు కావాలని దుకాణానికి వెళ్ళినవారికి సాధారణంగా ఒకే రకం రికార్డింగు వినిపిస్తారు: ఒక స్త్రీ గొంతు, ఒక గిటారు, వాటి వెనుక గదిని కదిలించే బాస్. వాద్యాలు తక్కువగా, నడుమ ఖాళీ ఎక్కువగా ఉన్న అటువంటి పాటలో మంద్రాన్ని కాస్త ఉబ్బించి, పై స్థాయికి కాస్త పదును పెట్టి తయారుచేసిన స్పీకరు వెంటనే ఆకట్టుకుంటుంది. అదే స్పీకరు మీద సన్నాయి మేళం పెడితే కొద్దిసేపటికే చెవి అలిసిపోతుంది. ఘంటసాల పాత పాట పెడితే ఆయన జలుబుతో పాడినట్టుంటుంది. అందుచేత అన్ని రకాల సంగీతానికీ పనికివచ్చే స్పీకరుకు నేను పెట్టుకున్న కొలత వేరు. దానికి సొంత గొంతు ఉండకూడదు. మనిషి గొంతూ చాలా వాద్యాలూ ప్రధానంగా పలికే మధ్యస్థాయి, అంటే దాదాపు 200 నుంచి 4,000 హెర్ట్జ్ (సెకనుకు కంపనాలు) దాకా ఉన్న మేర, వంకర లేకుండా రావాలి. మిగిలిన గుణాలన్నీ ఆ తరవాతే చూడాలి. బల్లమీదనో స్టాండుమీదనో పెట్టుకునే చిన్న స్పీకర్లలో, నాకు తెలిసినంతవరకు, ఈ కొలతకు అన్నిటికంటె బాగా నిలిచేది బ్రిటిష్ సంస్థ కెఫ్ తయారుచేస్తున్న ఎల్‌ఎస్50 మెటా. దాని పరిమితులు కూడా చిన్నవేమీ కావు.

రేమండ్ కుక్ 1961లో ఇంగ్లండులోని మెయిడ్‌స్టోన్ పట్టణంలో కెఫ్‌ను స్థాపించారు. ఆయన అంతకుముందు బీబీసీలో పనిచేసిన ఇంజనీరు. ఈ స్పీకరు వంశవృక్షం కూడా బీబీసీ దగ్గరే మొదలవుతుంది. బయటి కార్యక్రమాలను ప్రసారం చేసే వ్యానుల్లో, మనిషి కూర్చోవడానికే ఇరుకైన చోట, వక్త గొంతు సహజంగా వస్తున్నదో లేదో పరీక్షించడానికి బీబీసీ ఇంజనీర్లు 1970లలో ఎల్‌ఎస్3/5ఏ అనే చిన్న స్పీకరును రూపొందించుకున్నారు. అందులో కింది, నడిమి స్వరాలను పలికే ఊఫరు, పై స్వరాలను పలికే ట్వీటరు రెండూ కెఫ్ చేసినవే. సంస్థకు యాభై ఏళ్ళు నిండిన సందర్భానికి గుర్తుగా, ఆ పాత స్పీకరు స్ఫూర్తితో 2012లో ఎల్‌ఎస్50 వచ్చింది. 2020లో పెట్టె ఆకారాన్ని అలాగే ఉంచి, లోపల ధ్వనిని పుట్టించే డ్రైవరును, ఊఫరుకూ ట్వీటరుకూ స్వరాలను పంచిపెట్టే క్రాసోవరును కొత్తగా చేసి దానికి ‘మెటా’ అని పేరు చేర్చారు. సంస్థ 1990లలోనే హాంగ్‌కాంగ్‌కు చెందిన గోల్డ్ పీక్ సమూహం చేతికి వెళ్ళినా, రూపకల్పన మాత్రం ఇప్పటికీ మెయిడ్‌స్టోన్‌లోనే జరుగుతోంది.

చూడడానికి ఇది చిన్న పెట్టె. ఎత్తు 302 మిల్లీమీటర్లు, వెడల్పు 200 మిల్లీమీటర్లు; ఒక్కొక్కటి 7.8 కిలోల బరువు ఉంటుంది, ఆ పరిమాణానికి అది ఎక్కువే. ముందు పలక చదునుగా కాక వంపు తిరిగి ఉంటుంది. చదునైన పలకకు పదునైన అంచులుంటే ధ్వని ఆ అంచుల దగ్గర మళ్ళీ పుట్టినట్టు వ్యాపించి అసలు ధ్వనిని మసకబారుస్తుంది. ఈ వంపు దానికి విరుగుడు. పలక నడుమ ఒకే ఒక్క డ్రైవరు కనిపిస్తుంది గాని నిజానికి అవి రెండు: 130 మిల్లీమీటర్ల అల్యూమినియం కోను ఉన్న ఊఫరు, సరిగ్గా దాని గొంతులో కూర్చున్న 25 మిల్లీమీటర్ల ట్వీటరు. కెఫ్ దీన్ని యూని-క్యూ అంటుంది. ఈ ఏర్పాటును సంస్థ 1988లో ప్రవేశపెట్టింది. నియోడిమియం అయస్కాంతాలు రావడంతో కోను నడిమిలో ఇమిడేంత చిన్న ట్వీటరు చేయడం సాధ్యపడింది.

యూని-క్యూ వల్ల కలిగే మేలు మన ఇళ్ళలో మరింత స్పష్టంగా తెలుస్తుంది. ట్వీటరు పైన, ఊఫరు కింద ఉండే మామూలు స్పీకరులో ఆ రెండూ కలిసి పలికే స్థాయి దగ్గర, వినేవారి చెవి ఎత్తు మారితే ధ్వని కూడా మారిపోతుంది, ఎందుకంటే రెంటి నుంచి చెవికి ఉన్న దూరాల్లో తేడా వస్తుంది. సోఫాలో కూర్చున్న తండ్రికి ఒక రకంగా, కింద చాప మీద కూర్చున్న పిల్లలకు మరొక రకంగా వినిపించడం అందువల్లనే. రెండూ ఒకే కేంద్రం నుంచి పలికితే ఆ తేడా దాదాపు లేకుండా పోతుంది. దీనితో పాటు గది విషయం కూడా ఉంది. పాలరాయి లేదా టైల్సు పరిచిన నేల, సున్నం వేసిన బోడి గోడలు, పెద్ద గాజు కిటికీలు ఉన్న హాలులో మనం వినేదాంట్లో పెద్ద భాగం స్పీకరు నుంచి నేరుగా వచ్చినది కాదు, గోడలకూ నేలకూ తగిలి తిరిగి వచ్చినది. స్పీకరు ఎదురుగా బాగా పలికి పక్కలకు వంకరగా పలికితే ఆ వంకరే గది నిండా పరుచుకుంటుంది. ఎల్‌ఎస్50 మెటా అన్ని వైపులకూ ఒకే తీరున, కోణం పెరిగేకొద్దీ క్రమంగా తగ్గుతూ ధ్వనిని పంపుతుంది గనుక గట్టి గోడల గదిలో కూడా గొంతు రంగు మారదు. తివాచీ, బరువైన తెరలు ఉంటే ఇంకా మంచిదే; లేకపోయినా ఈ స్పీకరు శిక్షించదు.

‘మెటా’ అన్న పేరుకు కారణం ట్వీటరు వెనుక ఉన్న ‘మెటామెటీరియల్’ అనే ఒక పలుచని బిళ్ళ. ట్వీటరు ముందుకు ఎంత ధ్వనిని పంపుతుందో వెనక్కీ అంతే పంపుతుంది. ఆ వెనుక ధ్వని తిరిగివచ్చి ట్వీటరు ముందున్న గుమ్మటం (డోము) గుండా బయటపడితే చిన్నచిన్న గరుకులుగా వినిపిస్తుంది. వేరువేరు పొడవులున్న సన్నని గొట్టాలను చిక్కుదారిలా పేర్చిన ఈ బిళ్ళలో ఒక్కొక్క గొట్టం ఒక్కొక్క స్థాయి ధ్వనిని మింగేస్తుంది. వెనుక ధ్వనిలో 99 శాతాన్ని ఇది పీల్చుకుంటుందని కెఫ్ చెబుతోంది. 2012 నాటి స్పీకరుతో పోల్చి వింటే తేడా నాటకీయంగా ఏమీ ఉండదు. తాళాలు, సన్నాయి వంటివి ఎక్కువసేపు విన్నప్పుడు చెవికి కలిగే శ్రమ తగ్గుతుంది. పాతది ఇంట్లో ఉన్నవారు ఈ ఒక్క కారణానికి దాన్ని మార్చుకోనక్కరలేదని నా అభిప్రాయం.

వినికిడికి వస్తే, కర్ణాటక సంగీతంతో మొదలుపెట్టడం న్యాయం, ఎందుకంటే ఈ స్పీకరు బలమంతా ఆ సంగీతం నివసించే చోటనే ఉంది. ఒకటి శ్రుతిలో పాడే గాయకుని షడ్జం 130 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. తంబూరాలో మంద్ర షడ్జం అందులో సగం, అంటే 65. కెఫ్ ఇచ్చిన కొలతల ప్రకారం ఈ స్పీకరు 79 హెర్ట్జ్ దాకా నిండుగా, 47 దాకా సగం బలంతో పలుకుతుంది గనుక తంబూరా అడుగు స్వరం కొంచెం పలచబడినా, తంబూరాకు ప్రాణమైన అనుస్వరాల (ప్రతి స్వరంతోనూ కలిసి పుట్టే పై స్వరాల) మెరుపంతా పైనే ఉంటుంది, అది పూర్తిగా వస్తుంది. మంగళంపల్లి బాలమురళీకృష్ణ మంద్రం నుంచి తారస్థాయికి ఒక్క ఊపున వెళ్ళే చోట్ల గొంతు పరిమాణం మారకపోవడం, ఒకే మనిషి ఒకే చోట కూర్చుని పాడినట్టు ఉండడం ఇందులో గమనించవలసిన విషయం. చాలా స్పీకర్లలో పై షడ్జం దాటగానే గాయకుడు ఒక అడుగు ముందుకు జరిగినట్టనిపిస్తుంది. ఈమని శంకరశాస్త్రి వీణలో మీటు పడిన క్షణమూ, ఆ తరవాత తీగను లాగుతూ సాగే గమకమూ విడివిడిగా వినిపిస్తాయి. మృదంగంలో కుడి పక్క చాపు చిన్న ముక్కలుగా తెగిపోకుండా వస్తుంది. ఎడమ పక్క తొప్పి గుంభనంగా ఉంటుంది గాని గుండెకు తగిలే బరువు మాత్రం ఉండదు.

సన్నాయి, నాదస్వరం స్పీకర్లకు కఠిన పరీక్షలు. వాటి అనుస్వరాల బలం చాలావరకు రెండు నుంచి నాలుగు వేల హెర్ట్జ్ మధ్య పోగుపడుతుంది, మన చెవి అతి సున్నితంగా ఉండేదీ అక్కడే, ఎక్కువ స్పీకర్లలో ఊఫరు విరమించి ట్వీటరు అందుకునేదీ అక్కడే. ఆ అందిపుచ్చుకోవడంలో ఏ చిన్న పొరపాటున్నా నాదస్వరం దాన్ని చాటి చెబుతుంది. ఎల్‌ఎస్50 మెటాలో ఈ మార్పు 2,100 హెర్ట్జ్ దగ్గర జరుగుతుంది, కాని ఎక్కడ జరిగిందో చెవికి తెలియదు. కరవదిలో పుట్టి శ్రీరంగంలో స్థిరపడిన షేక్ చిన మౌలానా నాదస్వర రికార్డింగులను దీని మీద విన్నప్పుడు శబ్దం పెంచాలనిపించింది. మరెన్నో స్పీకర్ల మీద తగ్గించాలనిపిస్తుంది.

పాత మోనో రికార్డింగులు, అంటే రెండు స్పీకర్లలోనూ ఒకటే ధ్వని వచ్చేవి, మరొక సంగతి. ద్వారం వెంకటస్వామినాయుడి వయొలిన్ గ్రామఫోను రికార్డుల్లో పై స్థాయీ లేదు, అడుగు స్థాయీ లేదు. గీతల చప్పుడు మాత్రం కావలసినంత ఉంది. మంచి స్పీకరు అక్కడ లేనిదాన్ని చేర్చదు, ఉన్న చప్పుడును ఎత్తి చూపదు. రెండు స్పీకర్లూ ఒక్కొక్క బిందువు నుంచే పలుకుతున్నందువల్ల మోనో ధ్వని రెంటికీ నడుమ గట్టిగా, చెదరకుండా నిలబడుతుంది. గీతల చప్పుడు దాని చుట్టూ పలచగా విడిపోయినట్టనిపించి, వయొలిన్‌ను వినడం సులువవుతుంది. పాత సినిమా పాటలకూ, రేడియో నాటి లలిత సంగీతానికీ ఇదే వర్తిస్తుంది. మన ఇళ్ళలో వినే సంగీతంలో సగానికి సగం ఇటువంటిదే గనుక దీన్ని నేను చిన్న గుణంగా లెక్కించను.

పాశ్చాత్య సంగీతంలో ఫలితం మిశ్రమంగా ఉంటుంది. నలుగురు వాయించే స్ట్రింగ్ క్వార్టెట్, జాజ్ బృందం, పియానోతో పాడే గొంతు వంటివి అద్భుతంగా వస్తాయి. ఎవరు ఎక్కడ కూర్చున్నారో కళ్ళు మూసుకుని వేలు చూపించవచ్చు. పెద్ద ఆర్కెస్ట్రా దగ్గర మాత్రం భౌతికశాస్త్రం అడ్డుపడుతుంది. డబుల్ బాస్ అడుగు తీగ 41 హెర్ట్జ్, పియానో చివరి మెట్టు 27.5, పెద్ద చర్చి ఆర్గను 16 దాకా దిగుతుంది. ఒక స్థాయి కిందికి, అంటే సగం హెర్ట్జ్‌కు దిగి అంతే బిగ్గరగా పలకాలంటే కోను నాలుగింతలు ముందుకూ వెనక్కూ కదలాలి. 130 మిల్లీమీటర్ల కోనుకు అంత చోటు లేదు. చిన్న పెట్టె, లోతైన మంద్రం, తక్కువ కరెంటుకే పెద్ద ధ్వని అనే మూడింటిలో ఏ రెంటినైనా కోరుకోవచ్చుగాని మూడూ దొరకవన్నది స్పీకర్ల రూపకర్తలందరూ ఎరిగిన నియమం. కెఫ్ ఇక్కడ పెట్టెను చిన్నదిగా ఉంచి మిగిలిన రెంటినీ కొంతకొంత వదులుకుంది. నేటి సినిమా పాటల్లోని కంప్యూటరు బాస్, తీన్మార్ డప్పుల దరువు ఒంటికి తగిలేటట్టు కావాలనుకునేవారికి ఈ స్పీకర్లు సరిపడవు; వాటిని వినిపిస్తాయి, కాని ఊరేగింపులో నిలబెట్టవు.

యాంప్లిఫయరు ఎంపికలో అజాగ్రత్త కుదరదు. దీని సున్నితత్వం, అంటే ఇచ్చిన కరెంటుకు ఎంత బిగ్గరగా పలుకుతుందన్నది, 85 డెసిబెల్స్ మాత్రమే. మామూలుగా వినేటప్పుడు ఒకటి రెండు వాట్లు చాలు, కాని ఆర్కెస్ట్రా ఒక్కసారిగా విరుచుకుపడినప్పుడో తనియావర్తనంలో ముక్తాయి పడినప్పుడో ధ్వని 20 డెసిబెల్స్ పైకి లేస్తే అప్పుడు కావలసింది వంద రెట్లు. పైగా కరెంటుకు దీని నిరోధం 8 ఓములుగా రాసినా కొన్ని స్థాయిల్లో 3.5 ఓముల దాకా పడిపోతుంది. సంస్థ 40 నుంచి 100 వాట్లు సూచిస్తుంది. నేనైతే ఆ పరిధిలో పై సగాన్నే చూడమంటాను. ఎనిమిది పది వాట్ల వాల్వు యాంప్లిఫయర్లను ఇష్టపడేవారు వేరే స్పీకర్లు వెతుక్కోవడం మేలు.

అమరికకు గట్టి స్టాండ్లు అవసరం. పుస్తకాల అరలో ఇరికిస్తే పెట్టిన డబ్బు వృథా. గాలి రంధ్రం వెనుక ఉంది కాబట్టి గోడకు కనీసం ఒక అడుగున్నర దూరం ఉంచితే మంద్రం ముద్దకాకుండా ఉంటుంది. ముందు గుడ్డ తెర రాదు. చిన్నపిల్లలున్న ఇంట్లో ఆ అల్యూమినియం కోనును ఎవరో ఒకరు వేలితో నొక్కి చూస్తారు, ఎత్తుగా పెట్టుకోవడం మంచిది. విడుదలైనప్పుడు అమెరికాలో జత ధర దాదాపు 1,500 డాలర్లు. స్టాండ్లు, తగిన యాంప్లిఫయరు కలుపుకుంటే ఖర్చు దానికి రెండింతలవుతుందని ముందే లెక్కవేసుకోవాలి.

ఈ వంశంలోనే మరో దారి పట్టినది హార్బెత్ పీ3ఈఎస్ఆర్. అది గొంతును కాస్త వెచ్చగా, మెత్తగా చెబుతుంది, గాత్రమే ప్రధానంగా వినేవారు రెంటినీ విని నిర్ణయించుకోవాలి. డబ్బు ఇంకొంత పెట్టగలిగినవారికి, గది పెద్దదైనవారికి కెఫ్‌లోనే ఆర్3 మెటా మెరుగు. యూని-క్యూలో ట్వీటరు చుట్టూ ఉన్న కోనే ట్వీటరు ధ్వనికి గోడలా పనిచేస్తుంది. మంద్రం కోసం ఆ కోను ఎక్కువగా ఊగితే పై స్వరాలు కూడా కొద్దిగా చెదురుతాయి. ఆర్3లో మంద్రానికి వేరే 165 మిల్లీమీటర్ల ఊఫరు ఉన్నందువల్ల నడిమి కోను దాదాపు నిశ్చలంగా ఉంటుంది.

ఎల్‌ఎస్50 మెటానే ఉంచుకుని అదే ఫలితం పొందడానికి సబ్ ఊఫరు, అంటే మంద్రాన్ని మాత్రమే పలికే వేరే పెట్టె, ఒక మార్గం, అయితే దాన్ని ఊరికే పక్కన చేర్చితే సగం లాభమే. యాంప్లిఫయరులో 80 లేదా 100 హెర్ట్జ్ కింది ధ్వనిని స్పీకర్లకు పోకుండా ఆపి సబ్ ఊఫరుకే పంపే హైపాస్ ఏర్పాటు ఉండాలి. అప్పుడు చిన్న కోను మీది భారం దిగి, ఆర్కెస్ట్రాకు అడుగు బలం రావడంతోపాటు వయొలిన్లు కూడా తేటపడతాయి. కొనబోయే యాంప్లిఫయరులో ఆ ఏర్పాటు ఉన్నదో లేదో డబ్బు కట్టకముందే అడిగి తెలుసుకోవాలి. చవక రకాల్లో చాలావాటికి సబ్ ఊఫరు రంధ్రం ఉంటుంది గాని హైపాస్ ఉండదు.