ఆటలో అరటిపండు: పాత గేమ్ సిరీస్‌లలో ఏది మేలు?

మా అక్క కొడుకు వేసవి సెలవులకు ఒంగోలు నుంచి నెల్లూరు వచ్చి మా ఇంట్లో ఇరవై రోజులున్నాడు. పదకొండేళ్లవాడు. వాళ్ల నాన్న సింగపూర్ నుంచి తెచ్చిన నింటెండో స్విచ్ (చేత్తో పట్టుకుని ఆడే గేమ్ మెషీన్) కూడా వెంట తెచ్చుకున్నాడు. మే నెల ఎండలకు మధ్యాహ్నం గడప దాటే పని లేదు. వేదాయపాలెంలో మా హాల్లో కూలర్ ముందు కూర్చుని పోకెమాన్ స్వోర్డ్ పెట్టాడు. పోకెమాన్ అనే వింత జంతువులను బంతి విసిరి పట్టి, పెంచి, పోరుకు దించే ఆట అది. వాడు ఆడుతుంటే నేను చూశాను.

మూడో రోజుకు ఒక సంగతి కనిపెట్టాను. వాడు అసలు ఆలోచించడం లేదు. పోరు మొదలవగానే మన పోకెమాన్ కొట్టగల నాలుగు దెబ్బలు తెర మీదికి వస్తాయి. ఎదుటిది ఇంతకుముందు చూసిన పోకెమానే అయితే, ఏ దెబ్బ దాని మీద బాగా పనిచేస్తుందో ఆ దెబ్బ కిందే రాసి ఉంటుంది. వాడు అది చూస్తాడు, నొక్కుతాడు, గెలుస్తాడు.

"ఎందుకురా అదే కొట్టావు?" అనడిగాను.

"అక్కడ రాసుంది కదా మామా."

ఊరికెళ్లేలోపు ఒక గేమ్ కొనిపెడతానని వాడికి మాటిచ్చి ఉన్నాను. కొత్త పెద్ద గేమ్ అంటే ఇప్పుడు 5 వేల రూపాయల దాకా పోతుంది. అందుకే కూర్చుని లెక్క వేసుకున్నాను. అలవాటైన సిరీస్‌లో అలవాటైన పద్ధతి భాగమే తీసుకోవాలా, కష్టానికి పేరుపడ్డ సిరీస్ తీసుకోవాలా, లేక పాత పేరు ఉంచుకుని పద్ధతి మార్చిన భాగం తీసుకోవాలా?

నాకు కష్టమంటే ఏమిటో తెలిసింది కావలిలో, ఆర్టీసీ బస్టాండ్ దగ్గర ఒక నెట్ సెంటర్‌లో. గంటకు 15 రూపాయలు. ఐజీఐ అనే తుపాకుల ఆటలో మిషన్ మధ్యలో సేవ్ చేసుకునే వీలు లేదు. సైరన్ మోగిందా, బ్యారక్‌లోంచి సైనికులు వస్తూనే ఉంటారు. చివరి గేటు దగ్గర చచ్చినా మళ్లీ మొదటి నుంచే. జీటీఏ సిరీస్‌లోని వైస్ సిటీలో రిమోట్ హెలికాప్టర్ మిషన్ మా బ్యాచ్‌లో ఎంతమందిని ఏడిపించిందో! కడుతున్న బిల్డింగులోకి ఆ చిన్న హెలికాప్టర్‌తో బాంబులు ఒక్కొక్కటే మోసుకెళ్లి నాలుగు అంతస్తుల్లో పెట్టాలి. ఒక పక్క టైమర్ తిరుగుతుంటుంది. మెట్ల మలుపులో రెక్క గోడకు తగిలితే గుండె ఆగినంత పనయ్యేది. వెనక నిలబడ్డ నలుగురు ఊపిరి బిగబట్టి చూస్తుండేవాళ్లు. నాలుగో బాంబు పెట్టిన రోజు నెట్ సెంటర్ అన్న ఇంకో పది నిమిషాలు ఊరికే ఆడుకోనిచ్చాడు.

కానీ అక్కడ రెండు రకాల కష్టం ఉండేది, వాటిని కలిపి మాట్లాడకూడదు. హెలికాప్టర్‌ని మలుపులో తిప్పడం ఆటలోని కష్టం. ఓడిపోయాక మళ్లీ ఊరంతా బండి తోలుకుని మిషన్ మొదలయ్యే చోటికి పోవడం దారి కష్టం. వైస్ సిటీలోనే దీనికి సగం విరుగుడుగా టాక్సీ పెట్టారు, ఎక్కితే మిషన్ దగ్గర దింపేది. 2003లో వచ్చిన ఐజీఐ 2లో మిషన్‌కు ఇన్నిసార్లని లెక్కపెట్టి సేవ్ ఇచ్చారు. రెండూ మంచి మార్పులే. దారి కష్టం తగ్గితే ఆటకు నష్టమేమీ లేదు.

2013లో వచ్చిన జీటీఏ 5 ఇంకో అడుగు ముందుకేసింది. ఒకే చోట మూడుసార్లు ఓడిపోతే ఆ భాగాన్ని దాటేసి ముందుకు పొమ్మంటుంది. ఇది దారిని తగ్గించడం కాదు, ఆటనే తీసి పక్కన పెట్టడం.

మన వీధి ఆటల్లో దీనికి ఎప్పటినుంచో పేరుంది. పెద్ద పిల్లల మధ్య చిన్నవాణ్ని చేర్చుకుని, వాడు అవుటైనా లెక్కలోకి తీసుకోకపోతే వాణ్ని ఆటలో అరటిపండు అంటాం. వాడికి నాలుగేళ్లప్పుడు అది ముద్దు. ఎనిమిదేళ్లు వచ్చాక కూడా అరటిపండు అంటే ఏడుస్తాడు. 1989 నాటి ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆటగాడికి అరవై నిమిషాలిచ్చి, ఆ లోపల రాకుమారిని విడిపించమంది. ఒక్క అడుగు తప్పితే ముళ్ల మీద పడేవాళ్లం. 2008లో అదే పేరుతో వచ్చిన ఆటలో ఎక్కడ జారినా ఎలికా అనే అమ్మాయి చెయ్యి పట్టుకుని పైకి లాగుతుంది. చావనేదే లేదు. బొమ్మలు చాలా అందంగా ఉంటాయి. మనం మాత్రం అరటిపండే.

పోకెమాన్ అయితే మెల్లగా, ఏళ్ల తరబడి అరటిపండు దారి పట్టింది. 1996లో జపాన్‌లో మొదటి ఆటలు వచ్చినప్పుడు మామూలుగా పోరులో దిగిన పోకెమాన్‌కే బలం పెంచే అనుభవం దక్కేది. బలహీనమైన దాన్ని పెంచాలంటే దాన్నే దించాలి, అది దెబ్బలు తింటుంటే చూడాలి. ఎవరిని దించాలన్న నిర్ణయంలోనే ఆట ఉండేది. గోల్డ్, సిల్వర్ ఆటల్లో మూడో జిమ్ (గెలిస్తేనే ముందుకు పోనిచ్చే పోటీ అడ్డా) లీడర్ విట్నీ దగ్గర మిల్‌ట్యాంక్ అనే ఆవు ఉంటుంది. దాని రోల్‌అవుట్ దెబ్బ వరసగా తగిలే కొద్దీ ప్రతిసారీ రెట్టింపవుతుంది. మొదటి దెబ్బ తిని నవ్వుకున్నవాడు నాలుగో దెబ్బకు ఇంటికే. గెలవాలంటే వెనక్కి వెళ్లి జట్టు మార్చుకుని రావాలి. తర్వాత 2013లో ఎక్స్, వై ఆటల్లో ఒకడు పోరాడితే జట్టంతటికీ అనుభవం వచ్చే ఏర్పాటు చేశారు. ఇష్టం లేకపోతే ఆపుకునే వీలుండేది. 2019లో స్వోర్డ్, షీల్డ్ వచ్చేసరికి ఆ వీలు కూడా పోయింది. మా వాడి జట్టు అందుకే వాడికి తెలియకుండానే బలిసిపోయింది.

ఇక్కడ నాకు అసలు కోపం తేలిక మీద కాదు. అస్థిపంజరం మారలేదు. 1996లో ఎనిమిది జిమ్‌లు, చివర చాంపియన్. 2019లోనూ ఎనిమిది జిమ్‌లు, చివర చాంపియన్. నీళ్ల దెబ్బ నిప్పు మీద పనిచేస్తుందని ఎనిమిదో తరం ఆటలో కొత్తగా తెలుసుకునేదేముంది? మనం రాటుదేలిపోయాం, ఆట అక్కడే ఉంది, పైగా దాన్ని ఇంకా మెత్తబరిచారు. ఇవన్నీ కలిసి ఆట చప్పబడింది. కంపెనీ వైపు నుంచి చూస్తే ఇందులో లెక్క ఉంది. ఉన్న కొనుగోలుదారు పోకూడదు, కొత్త పిల్లాడు బెదరకూడదు. ఆ రెండు భయాల మధ్య కొత్తదనానికి చోటు మిగల్లేదు.

మరి కష్టానికి పేరుపడ్డ సిరీస్ మేలా? ఫ్రమ్‌సాఫ్ట్‌వేర్ అనే జపాన్ కంపెనీ వాళ్ల కత్తిపోరు ఆటలు నేను ఇష్టంగా ఆడతాను. 2009లో డీమన్స్ సోల్స్, 2011లో డార్క్ సోల్స్, 2022లో ఎల్డెన్ రింగ్. ఈజీ మోడ్ అనేది ఎక్కడా పెట్టలేదు. ఎల్డెన్ రింగ్‌లో మొదటి పెద్ద అడ్డంకి మార్గిట్. వాడు కర్ర పైకెత్తి, మనం అనుకున్న దానికంటే ఒక్క క్షణం ఆలస్యంగా దించుతాడు. తొందరపడి దొర్లామా, సరిగ్గా లేచే వేళకు నెత్తిన పడుతుంది. పాత ఆటల్లో చేతికి పట్టిన అలవాటునే గురిచూసి కొట్టే దెబ్బ అది. అదే ఆటలో దారి కష్టాన్ని మాత్రం బాగా తగ్గించారు. డార్క్ సోల్స్‌లో ఓడితే మజిలీగా పెట్టిన మంట దగ్గర నుంచి మళ్లీ అంత దూరం పరిగెత్తుకు రావాలి, ఇందులో చాలా చోట్ల బాస్ (మార్గిట్ లాంటి పెద్ద శత్రువు) గుమ్మం ముందే లేవొచ్చు. మార్గిట్ వల్ల కాకపోతే వేరే దిక్కుకు పోయి బలం పెంచుకుని రావచ్చు. ఇదీ తగ్గించే పద్ధతి.

అయినా ఆ సిరీస్‌లకూ ఒక ఇబ్బంది ఉంది. పాత ఆటగాడు ఆరితేరే కొద్దీ బాస్‌లను ఇంకా వేగంగా, ఇంకా పొడవైన దెబ్బలతో చేస్తూ పోవాలి, దాంతో కొత్తవాడికి గుమ్మం ఇంకా ఎత్తవుతుంది. వాళ్ల ఆటల్లో నన్ను నిజంగా మళ్లీ చిన్నపిల్లాణ్ని చేసింది 2019 నాటి సెకిరో. అందులో డాలు పట్టుకుని దొర్లితే పని జరగదు, ఎదురు నిలబడి కత్తికి కత్తి తగిలించాలి. దెబ్బల బలం పెంచడం కంటే రూలు మార్చడమే ఎక్కువ కష్టపెట్టింది. నాలుగు ఆటల అనుభవం వారం రోజులు అక్కరకు రాలేదు. ఆ వారం ఎంత బాగుందో చెప్పలేను.

అందుకే నా ఓటు మూడోదానికి. పేరు పాతదైనా రూలు మారిన భాగం మేలు. రెసిడెంట్ ఈవిల్ అనే భయపెట్టే సిరీస్ 2017లో ఏడో భాగంతో ఆటగాడి కళ్లలోంచే చూసేట్టు మార్చినప్పుడు జరిగింది అదే. తలుపు తీయడానికి కూడా మళ్లీ భయమేసింది. పాత భాగాన్నే అభిమానులు పెట్టుకున్న నజ్‌లాక్ రూల్స్‌తో, అంటే ఓడిపోయిన పోకెమాన్‌ని వదిలేయాలన్న కట్టుబాటుతో ఆడొచ్చు కదా అంటారు కొందరు. ఖర్చు లేదు, సరదాగానే ఉంటుంది. కానీ ఆట చేసేవాళ్ల పనిని మనం చేస్తున్నట్టు, మా వాడు రెండు రోజుల్లో మానేశాడు.

ఎల్డెన్ రింగ్ వాడి వయసుకు తగదు. కాబట్టి పోకెమాన్‌లోనే, 2022 జనవరిలో వచ్చిన లెజెండ్స్ ఆర్సియస్ కొన్నాను. ఎనిమిది జిమ్‌ల వరస ఇందులో లేదు. పోకెమాన్‌లు నేరుగా మన మీదికే వస్తాయి, పక్కకు దొర్లి తప్పించుకోవాలి. గడ్డిలో నక్కి, వెనక నుంచి బంతి విసిరితే పోరు లేకుండానే పట్టొచ్చు. స్పృహ తప్పి పడిపోతే సంచిలో వస్తువులు కొన్ని పోతాయి. బొమ్మలు అంత నునుపుగా లేవు, చెట్లు దూరం నుంచి అట్టముక్కల్లా ఉంటాయి. నాకు అది పట్టలేదు. మొదటి మైదానంలోనే ఎర్ర కళ్లతో ఒక పెద్ద రాపిడాష్ గుర్రం తిరుగుతుంటుంది, అప్పటి మన బలానికి అందనిది. మా వాడు మామూలుగానే ఎదురెళ్లాడు. రెండు క్షణాల్లో పడిపోయాడు. రిమోట్ కింద పెట్టి నా వైపు చూశాడు. తెర మీద ఈసారి ఏమీ రాసి లేదు.

ఒంగోలు వెళ్లిన నాలుగో రోజు రాత్రి ఫోన్ చేశాడు. "మామా, ఆ గుర్రం తిరిగే దారి చూశా. అది అటు తిరిగినప్పుడు ఇటు గడ్డిలోంచి పోవచ్చు. కానీ విసిరేలోపు చూసేస్తోంది."

"అయితే అబ్బయ్యా, ముందు నువ్వు..." అన్నాను.

"ఉండు మామా, చెప్పొద్దు" అని పెట్టేశాడు.