తిరిగే ఇంట్లో ఏళ్ల తరబడి ఉన్నాక: మోటారు సంగతి సరే, పైపుల సంగతి అడగండి

తిరిగే ఇల్లు అనగానే అందరూ మొదట అడిగేది తల తిరగదా అని. తిరగదు. కదులుతున్నట్టే తెలీదు, కాసేపయ్యాక కిటికీలోంచి చూస్తే ఇందాకటి చెట్టు ఉండదు, అంతే. తర్వాత కరెంటు బిల్లు గురించి అడుగుతారు. బరువంతా చక్రాల మీదో పెద్ద బేరింగు మీదో ఉంటుంది, వేగం మరీ తక్కువ, కాబట్టి చిన్న మోటారుకి మంచి గేర్‌బాక్స్ ఉంటే చాలు. ఇటలీలో వెరోనా దగ్గర ఆంజెలో ఇన్వెర్నిజ్జి అనే ఇంజనీరు 1935 నాటికే విల్లా జిరాసోలే అనే తిరిగే ఇల్లు కట్టేశాడు. దాదాపు 1500 టన్నులు, సెకనుకి 4 మిల్లీమీటర్ల నడక, ఒక చుట్టు పూర్తవడానికి 9 గంటల పైమాటే.

అసలు తలనొప్పంతా నడిమధ్యలో ఉంటుంది. ఇల్లు తిరుగుతుంది, భూమిలో పైపులు తిరగవు కదా! కరెంటుకి స్లిప్ రింగులు, అంటే కరెంటు మోసే లోహపు కంకణాలు, వాటి మీద ఒరుసుకునే కార్బన్ బ్రష్‌లు. అరిగితే మార్చుకోవడమే, ఇబ్బందేం లేదు. నీళ్లకి రబ్బరు సీళ్లున్న తిరిగే జాయింటు, అదీ పర్లేదు. మురుగు పైపు జాయింటే మమ్మల్ని ఏడిపించింది. సీలు వదులై వాసన మొదలైతే, బిగించినవాళ్లు వచ్చి గ్రీజు పూసి వెళ్లారు, వారం తిరక్కుండా మళ్లీ అదే కంపు, చివరికి ఇంకొకళ్లని పిలిచి నీళ్లన్నీ ఆపేసి సీలే మార్పించాం. అక్కడ మనిషి కూర్చుని పనిచేసే చోటుందో లేదో ముందే చూసుకోండి.

ఇంకో మాట, ఎండ కోసమే అయితే ఆగకుండా చుట్టూ తిరగాల్సిన పనే లేదు. పగలు సూర్యుడి వెంట పోయి రాత్రికి వెనక్కొస్తే సరిపోతుంది, అలాంటి ఇంటికి ఈ జాయింట్లేవీ లేకుండా వంగే గొట్టాలు, కాస్త వదులు కేబుళ్లతో పని జరిగిపోతుంది. మా డిజైనరు ఈ ముక్క చెప్పనేలేదు.

జర్మనీలో ఫ్రైబుర్గ్‌లో రోల్ఫ్ డిష్ అనే ఆర్కిటెక్టు 1994లో కట్టిన హెలియోట్రోప్ అనే తిరిగే ఇంటికి ఒకవైపు మూడు పొరల అద్దం, రెండోవైపు వేడి దూరని గోడ. చలికాలం అద్దం ఎండకి, వేసవిలో గోడ ఎండకి. మాదేమో చుట్టూరా అద్దాలే, వేసవిలో ఎటు తిప్పినా ఉడుకే. చూడ్డానికి మాత్రం అదిరిపోతుంది, కాదనను.

తలుపు ఇంటి నడిమధ్యలో ఉండే మెట్లవైపు ఉంటే హాయి. మాది బయటి అంచున ఉంది, కాబట్టి ఎవరైనా బయటికెళ్లాలన్నా లోపలికి రావాలన్నా ఇంటిని బయట కదలకుండా ఉండే మెట్లకి ఎదురుగా తెచ్చి ఆపాల్సిందే, అదీ అదే నత్తనడకతో.