మూడేళ్లు విటమిన్ సి సీరమ్ రాసి, ఉసిరికాయ తిని చూశాను

రెండో కాన్పు తర్వాత నా బుగ్గల మీద మంగు వచ్చింది. తెల్ల చీర మీద టీ ఒలికి ఆరిపోతే ఎలా ఉంటుందో అలాంటి రంగు. గుంటూరు నుంచి బడికి రోజూ 14 కిలోమీటర్లు స్కూటీ మీద వెళ్తాను, మళ్లీ అంతే దూరం వస్తాను. కడుపుతో ఉన్నప్పుడు హార్మోన్ల వల్ల మొదలైన మంగు ఎండ తగిలే కొద్దీ ముదురుతుందని స్కిన్ డాక్టరు గారు చెప్పేదాకా నాకు తెలియదు.

అంతకుముందు ఏడాది పాటు శనగపిండిలో నిమ్మరసం కలిపి పట్టించాను. ఒక ఆదివారం అలా రాసుకుని, పైపైన కడుక్కుని మిద్దె మీద వడియాలు పెట్టడానికి వెళ్లాను. సాయంత్రానికి చెంప భగ్గుమంది. వారం తిరక్కుండా దవడ దాకా ఒక నల్లటి చార తేలింది. నిమ్మరసంలోని కొన్ని పదార్థాలు చర్మం మీద ఉండగా ఎండ తగిలితే కాలినట్టే అవుతుందట. నిమ్మకాయలో విటమిన్ సి ఉంది కదా అని మొహానికి రాయకండి. ఆ చార పోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది.

డాక్టరు గారు పొద్దునకు విటమిన్ సి సీరమ్, దాని మీద సన్‌స్క్రీన్ రాశారు. రాత్రికి మచ్చలు తగ్గించే అజెలాయిక్ యాసిడ్ క్రీము నాలుగు నెలలు వాడించి ఆపేశారు. కాబట్టి మొదటి ఏడాది కనిపించిన మార్పులో దాని వాటా కూడా ఉంది, అంతా సీరమ్ గొప్పే అనలేను.

నేను వాడేది 15 శాతం ఎల్-ఆస్కార్బిక్ యాసిడ్ (అంటే అసలు విటమిన్ సి), దానితో పాటు విటమిన్ ఇ, మొక్కల్లో ఉండే ఫెరులిక్ యాసిడ్ ఉన్న రకం. 30 మిల్లీలీటర్ల సీసా దాదాపు 700 రూపాయలు. ఎండకు చర్మంలో పుట్టి కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ అన్నింటినీ సన్‌స్క్రీన్ ఒక్కటే ఆపలేదు. దాన్ని దాటి వచ్చినవాటిని ఈ యాంటీఆక్సిడెంట్లు పట్టుకుంటాయి. చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీని కూడా విటమిన్ సి కొంత తగ్గిస్తుంది. మూడూ కలిసిన రకమే ఎందుకంటే, 2005లో వచ్చిన ఒక పరిశోధనలో 15 శాతం సి, 1 శాతం ఇ ఉన్న ద్రావణానికి అర శాతం ఫెరులిక్ యాసిడ్ చేర్చితే ఎండ నుంచి రక్షణ నాలుగు రెట్ల నుంచి ఎనిమిది రెట్లకు పెరిగింది. సీరమ్ కూడా తొందరగా పాడవకుండా ఉంటుంది.

ఆ పాడవడం గురించే ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నా డబ్బు పోయింది అక్కడే. మొదటి వేసవిలో ఒకటి కొంటే ఒకటి ఉచితం అని ఆన్‌లైన్‌లో రెండు సీసాలు తెప్పించాను. మే నెల, గుంటూరు ఎండ. పార్సిల్ వ్యానులో ఎన్ని గంటలు ఉడికిందో గానీ, విప్పేసరికే ఒక సీసాలో సీరమ్ నువ్వుల నూనె రంగులో ఉంది. అలాగే ఉంటుందేమో అనుకుని వాడాను. మూడు వారాలకు దిండు గలీబు మీద పసుపు మరకలు, వేలి గోళ్ల చివర నారింజ రంగు. మొహం తేటపడకపోగా సన్నగా పొక్కులు లేచాయి. అమ్మిన వాళ్లకు ఫోన్ చేస్తే సీల్ తీశారు కాబట్టి వాపసు లేదన్నారు.

అప్పటి నుంచి నాకు ఒక అలవాటు. కొత్త సీసా రాగానే తెల్ల పింగాణీ సాసర్‌లో ఒక చుక్క వేసి చూస్తాను. నీళ్లలా ఉండాలి, లేదా మరీ లేత గడ్డి రంగు ఉండొచ్చు. తేనె రంగులోకి వచ్చిందంటే గాలికి, వేడికి ఆక్సీకరణ చెందినట్టే, ఇక దాని వల్ల ఉపయోగం లేదు. మూత తీసిన తేదీ సీసా మీద మార్కర్‌తో రాసి ఫ్రిజ్ తలుపులో పెడతాను. మా అత్తయ్య మొదట్లో "అదేంటమ్మా, పచ్చళ్ల పక్కన మందు సీసా పెడతావు" అనేవారు. ఇప్పుడు ఎవరైనా బయట పెడితే ఆవిడే తీసి లోపల పెడుతున్నారు. రెండు నెలల్లో అయిపోయేలా రోజూ రాస్తాను, దాచుకోను.

రాసిన మొదటి నిమిషం చురచురమంటుంది. పీహెచ్ (పులుపు కొలత, అంకె తగ్గే కొద్దీ పులుపు ఎక్కువ) మూడున్నర కంటే తక్కువ ఉంటేనే ఈ రకం లోపలికి ఇంకుతుంది, కాబట్టి కాస్త చురుకు సహజమే. మంట తగ్గకపోతే మాత్రం కడిగేయాలి. మొదటి వారం చెవి కింద రాసి చూడండి.

ఫలితం విషయానికొస్తే, నెల రోజులకు మొహంలో జిడ్డు, వాడిపోయినతనం తగ్గాయి. మంగు పలచబడటం నాలుగో నెలలో మొదలైంది. మూడేళ్లకు అంచులు కలిసిపోయాయి గానీ మధ్యలో నీడలా ఇంకా ఉంది. పూర్తిగా పోతుందని ఎవరైనా చెబితే నమ్మకండి.

రెండో ఏడాది మా మరిది పెళ్లికి వారం రోజులు సన్‌స్క్రీన్ వేసుకోలేదు, సీరమ్ మాత్రం రాశాను. పందిరి కింద, ఊరేగింపులో, గుడి మెట్ల మీద అంతా ఎండే. పది రోజుల్లో బుగ్గలు మళ్లీ నల్లబడ్డాయి. ఇంకోసారి డబ్బులు సరిపోక మూడు నెలలు సీరమ్ ఆపి సన్‌స్క్రీన్ ఒక్కటే వాడితే, తేట తగ్గింది గానీ మంగు పెరగలేదు. చేతిలో 700 రూపాయలే ఉంటే నేను ముందు సన్‌స్క్రీనే కొంటాను. రంగు కలిపిన రకమైతే మంగుకు మరీ మంచిది, అందులోని ఐరన్ ఆక్సైడ్ కంటికి కనిపించే వెలుతురును కూడా కొంత ఆపుతుంది.

ఇక తిండి. కార్తీకం నుంచి మాఘం దాకా రోజూ ఒక ఉసిరికాయ తింటాను. ఉప్పు అద్దుకుని నమిలితే ముందు వగరుకు నాలుక ముడుచుకుపోతుంది, తర్వాత గ్లాసు మంచినీళ్లు తాగితే బెల్లం నీళ్లంత తియ్యగా ఉంటాయి. మా పిల్లలు ఆ నీళ్ల కోసమే కాయ తింటారు. కాలం కాని రోజుల్లో జామకాయ. ఆడవాళ్లకు రోజుకు 65 మిల్లీగ్రాముల విటమిన్ సి చాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెబుతోంది, ఒక మంచి జామకాయతో అది దాటిపోతుంది. టమాటాకు ఎరుపునిచ్చే లైకోపీన్ నూనెలో మగ్గితే ఒంటికి బాగా పడుతుంది, అందుకని వారంలో మూడు రోజులు మా ఇంట్లో టమాటా పచ్చడి.

కానీ తిండి వల్ల మంగు తగ్గిందని నేను చెప్పలేను. తిన్న విటమిన్ సి రక్తంలో ఒక స్థాయికి చేరాక మిగిలినది మూత్రంలో పోతుంది, బుగ్గ మీద మచ్చ దాకా పోగుపడదు. అయితే ఆకుకూర పప్పులో నిమ్మకాయ పిండుకుని తింటే ఐరన్ బాగా పడుతుంది. రక్తం తక్కువగా ఉండే నాకు ఆ మేలు చాలా పెద్దది.

మాత్రల జోలికి మాత్రం వెళ్లను. మా వారికి కిడ్నీలో రాళ్లు. ఎక్కువ మోతాదు విటమిన్ సి ఒంట్లో రాళ్లు కట్టే ఆక్సలేట్‌గా మారుతుందని డాక్టరు వద్దన్నారు. యాంటీఆక్సిడెంట్ మాత్ర ఏదైనా మంచిదే అనుకోవడం కూడా తప్పే. ఫిన్లాండ్‌లో 29 వేల మంది పొగతాగే మగవాళ్ల మీద జరిగి, 1994లో వెలువడిన పరిశోధనలో, క్యారెట్‌లో ఉండే బీటా కెరోటిన్ మాత్రలు వేసుకున్న వాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా కనిపించింది. క్యారెట్ కూర తిన్నందుకు ఎవరికీ అలా కాలేదు.

ఇప్పుడు ఏప్రిల్, మే నెలల్లో కొత్త సీసా తెప్పించను. మార్చిలోనే ఒకటి కొని ఫ్రిజ్‌లో పెడతాను, తర్వాతది బడి తెరిచాక, రెండు వానలు పడ్డాక.